వంటింటి మాంసకృత్తులు: నిత్యాహారంలో బలం పెంచుకొనే సులభ మార్గాలు

'మాంసకృత్తులు' అనే మాట వినగానే మాంసాహారులకు కోడికూర, శాకాహారులకు మందుల దుకాణంలో అమ్మే పొడి డబ్బా గుర్తుకు రావడం ఈ మధ్య పరిపాటి అయింది. పేరులో 'మాంస' శబ్దం ఉన్నందువలన, మాంసం తినేవారికి తప్ప ఇతరులకు అవి దొరకవనే అపోహ కూడా చాలామందిలో నాటుకొని ఉన్నది. నిజానికి మన శరీరంలో మాంసాన్ని నిర్మించేవి కనుక వాటికి ఆ పేరు వచ్చింది. వీటినే ప్రోటీన్లు అంటున్నాము. అవి మన పోపులపెట్టె ప్రక్కన ఉన్న పప్పు డబ్బాలలోనే ఉన్నాయి. అయితే డబ్బాలో ఉన్నవి కంచంలోకి ఎంత వస్తున్నాయి, ఎవరి కంచంలోకి వస్తున్నాయి అన్నదే అసలు ప్రశ్న.

ఆయుర్వేద వైద్యవృత్తిలో నా వద్దకు వచ్చేవారిలో చాలామంది చెప్పుకొనే బాధలు ఒకే విధంగా ఉంటాయి. నీరసం, కాళ్ళు పీకడం, రెండు మెట్లు ఎక్కగానే ఆయాసం, కూర్చున్న చోటు నుండి చేతి ఊత లేనిదే లేవలేకపోవడం. "ఏదైనా బలానికి లేహ్యం వ్రాయండి" అని అడుగుతారు. రక్తహీనత, మధుమేహం, థైరాయిడ్ దోషం వంటివి ఉన్నాయేమో పరీక్షించుకోవడం మొదటి పని. ఆ పరీక్షలతో పాటు నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "నిన్న ప్రొద్దుట నుండి రాత్రి వరకు ఏమేమి తిన్నారు, ఎంత తిన్నారు?" లేహ్యం కంటె ముందు సరిచేయవలసినది కంచమని ఆ జవాబు చాలాసార్లు తెలియజేస్తుంది.

మాంసకృత్తులు చేసే పని

ఆయుర్వేదం శరీరాన్ని రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే ఏడు ధాతువులుగా విభజించింది. తిన్న ఆహారం జఠరాగ్ని చేత పక్వమై, ఒక్కొక్క ధాతువుగా మారుతూ శరీరాన్ని పోషిస్తుందని చెప్పింది. ఇందులో మాంసధాతువు శరీరానికి బలాన్ని, రూపాన్ని ఇస్తుంది.

ఆధునిక శాస్త్రం ఇదే విషయాన్ని మరొక భాషలో చెబుతుంది. మనం తిన్న మాంసకృత్తులు జీర్ణాశయంలోను, ప్రేగులలోను అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. ఆ అమైనో ఆమ్లాలతోనే కండరాలు, చర్మం, వెంట్రుకలు, రక్తంలోని హిమోగ్లోబిన్, జీర్ణరసాలు, రోగాలను ఎదిరించే ప్రతిరక్షకాలు తయారవుతాయి. పిండిపదార్థాలు, క్రొవ్వు మిగిలితే శరీరం నిల్వ చేసుకొంటుంది. మాంసకృత్తులకు అటువంటి ప్రత్యేకమైన గిడ్డంగి లేదు. లోటు వస్తే శరీరం తన కండరాలనే కరిగించుకొని అవసరం తీర్చుకొంటుంది. అందువలన ఇవి ప్రతిరోజూ, వీలైతే ప్రతి పూటా అందాలి.

మరొక ముఖ్య విషయం. పొట్ట నిండా అన్నం లేనివానికి మాంసకృత్తులు మాత్రమే పెడితే ప్రయోజనం తక్కువ. శరీరానికి మొదట కావలసినది శక్తి. అది చాలకపోతే తిన్న పప్పును కూడా కట్టెగా కాల్చివేస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చాలాకాలం సంచాలకులుగా పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ గారు, పేద పిల్లలలోని లోపం కేవలం మాంసకృత్తులది కాదని, మొత్తం ఆహారానిదని గట్టిగా వాదించారు. కాబట్టి అన్నం పూర్తిగా మానివేసి పప్పు మాత్రమే తినడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

రోజుకు ఎంత కావాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యవంతుడైన వయోజనుడు తన బరువులో ప్రతి కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు తీసుకోవాలి. 65 కిలోల పురుషునికి సుమారు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు అవుతుంది. గర్భవతికి నాలుగవ నెల నుండి ఆరవ నెల వరకు రోజుకు 9.5 గ్రాములు, ఏడవ నెల నుండి 22 గ్రాములు అదనంగా కావాలి. బిడ్డకు పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలలో సుమారు 17 గ్రాములు, ఆ తరువాతి ఆరు నెలలలో సుమారు 13 గ్రాములు అదనం. వృద్ధులకు కిలోకు ఒక గ్రాము వరకు అందడం మేలని పలువురు నిపుణుల అభిప్రాయం.

ఇక మన సరుకులలో, వండక ముందు తూచిన 100 గ్రాములకు, మాంసకృత్తులు సుమారుగా ఇలా ఉంటాయి:

పెసరపప్పు – 24 గ్రాములు
మినపప్పు – 23 గ్రాములు
కందిపప్పు – 22 గ్రాములు
ఉలవలు – 22 గ్రాములు
శనగపప్పు – 21 గ్రాములు
వేరుశనగ గుండ్లు – 24 గ్రాములు
నువ్వులు – 18 నుండి 20 గ్రాములు
బియ్యం – 7 నుండి 8 గ్రాములు
రాగులు – 7 గ్రాములు
జొన్నలు – 10 గ్రాములు
గేదె పాలు – 4 గ్రాములు
ఆవు పాలు, పెరుగు – 3 గ్రాములు
కోడిగుడ్డు – 13 గ్రాములు (ఒక్క గుడ్డుకు 6)

"మేము రోజూ పప్పు వండుతూనే ఉన్నాము"

గృహిణులు నాతో తరచుగా అనే మాట ఇది. నిజమే, వండుతున్నారు. కాని లెక్క చూద్దాము. అయిదుగురు ఉన్న ఇంట్లో 100 గ్రాముల కందిపప్పు కుక్కరులో పెట్టి, అందులో టమాటాలో, తోటకూరో వేసి, నీళ్ళు పోసి పలుచగా మెదుపుతారు. తలకు 20 గ్రాముల పప్పు వచ్చింది. అంటే ఒక్కొక్కరికి అందిన మాంసకృత్తులు నాలుగు గ్రాములు! జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో, రెండువేల కేలరీల ఆహారం తినే వ్యక్తికి రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు, 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు, 250 గ్రాముల ధాన్యం సూచించారు. మన ఇండ్లలో ఉన్నదానికి, ఉండవలసిన దానికి గల అంతరం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

పైగా ఆ 100 గ్రాముల పప్పు అయిదుగురికీ సమానంగా పంచబడదు. భర్తకు, పిల్లలకు వడ్డించిన తరువాత గిన్నె అడుగున మిగిలినది అత్తగారికి, ఇల్లాలికి. చాలా ఇండ్లలో చివరకు కూర్చొనే ఇల్లాలి కంచంలో చారు, పచ్చడి, మజ్జిగ మాత్రమే ఉంటాయి. పళ్ళు ఊడిన పెద్దలు చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకొంటారు. 'పప్పు పైతేటతో పెట్టిన చారే కదా, బలమే' అనుకొంటారు. కాని మాంసకృత్తులలో అధికభాగం ఆ నీటిలో ఉండదు, అడుగున ఉన్న ముద్దలో ఉంటుంది.

యాభై కిలోల బరువు గల ఒక పెద్దావిడ దినచర్యను లెక్కించి చూపుతాను. ఆమెకు రోజుకు కావలసినవి 42 గ్రాములు. ప్రొద్దుట రెండు ఇడ్లీలు – 3 గ్రాములు. రెండు పూటలా కలిపి 150 గ్రాముల బియ్యంతో వండిన అన్నం – 11. చారులో, పులుసులో కలిసిన పప్పు 10 గ్రాములు – 2. కూర – 2. మజ్జిగలో కలిసిన 100 గ్రాముల పెరుగు – 3. రెండు కాఫీలలోని పాలు – 3. మొత్తం 24 గ్రాములు. ఆమె ఆకలితో లేదు. కడుపు నిండుతూనే ఉన్నది. అయినా అవసరంలో సగానికి కొంచెం మించి మాత్రమే అందుతున్నది. నలభయ్యవ పడి దాటిన తరువాత కండ సహజంగానే కొద్దికొద్దిగా తరుగుతుంది. ఈ లోటు, కదలిక లేకపోవడం దానికి తోడైతే తరుగుదల వేగం అందుకొంటుంది. స్నానాల గదిలో కాలు జారితే నిలదొక్కుకొనే శక్తి తొడకండరాలలో ఉండదు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన పెద్దల కథలు మనలో ప్రతి ఒక్కరికీ తెలిసినవే. ఈ విషయాన్ని వంటింటి చిన్న సంగతిగా నేను భావించకపోవడానికి కారణం ఇదే.

అన్నానికి పప్పు తోడెందుకు?

అన్ని మాంసకృత్తులూ ఒకే నాణ్యత గలవి కావు. శరీరం స్వయంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు తొమ్మిది ఉన్నాయి. బియ్యం, గోధుమలలో వాటిలో ఒకటైన లైసిన్ తక్కువ. పప్పులలో లైసిన్ పుష్కలం కాని మిథియోనిన్ తక్కువ. రెండూ కలిసినప్పుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. మూడు పాళ్ళ ధాన్యానికి ఒక పాలు పప్పు ఉంటే నాణ్యత బాగుంటుందని పోషకాహార నిపుణులు చెబుతారు. దానికి పాలు, పెరుగు జతపడితే మరింత మేలు.

ముద్దపప్పు అన్నం, ఇడ్లీ, పులగం, కట్టుపొంగలి, పెరుగన్నం – మన పెద్దలు ఏర్పరచిన ఈ వంటకాలన్నీ ఈ సూత్రానికి సరిపోయేవే. నువ్వులలో మిథియోనిన్ బాగా ఉంటుంది కాబట్టి పప్పు తిన్నపుడు చెంచాడు నువ్వులపొడి కలుపుకొనడం కూడా మంచి జోడింపు. బతుకమ్మ పండుగకు తెలంగాణలో చేసే సత్తుపిండిలో నువ్వులు, పల్లీలు ధాన్యపు పిండితో కలవడం ఈ దృష్టితో చూస్తే ఎంతో అర్థవంతం.

ఏ పప్పు ఎవరికి?

అన్ని పప్పులలోను మాంసకృత్తులు ఇంచుమించు సమానమే అయినా, జీర్ణమయ్యే తీరులో చాలా తేడా ఉన్నది. ఇక్కడ ఆయుర్వేదం మనకు ఎంతో ఉపకరిస్తుంది.

పెసలు: పప్పుధాన్యాలలో పెసర శ్రేష్ఠమైనదని చరకసంహిత చెప్పింది. లఘువు, కఫపిత్తహరం. జ్వరం నుండి లేచినవారికి, వృద్ధులకు, జీర్ణశక్తి మందగించినవారికి ఇదే ప్రథమ పథ్యం. పప్పు అరగదనేవారు పెసరపప్పుతో ఆరంభించాలి.

కందిపప్పు: కఫపిత్తాలను తగ్గిస్తుంది, కొంత వాతం చేస్తుంది. అందుకే నెయ్యి, ఇంగువ పోపు దీనికి తప్పనిసరి తోడు. రోజువారీ వాడకానికి అనుకూలం.

మినుములు: గురువు, స్నిగ్ధం, ఉష్ణం, వాతహరం, బలకరం. శ్రమ చేసేవారికి, ఎదిగే పిల్లలకు, సన్నగా ఉండేవారికి తగినది. మందాగ్ని గలవారు కొద్దిగా తీసుకోవాలి. రుబ్బి పులియబెట్టిన ఇడ్లీ రూపంలో ఇది తేలికగా అరుగుతుంది.

శనగలు: రూక్షం, వాతకరం. అందువలన రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి, అల్లం, జీలకర్రతో తాలింపు పెట్టి తినాలి. పగటిపూట తినడం మేలు.

ఉలవలు: ఉష్ణవీర్యం కలవి, కఫవాతాలను తగ్గిస్తాయి. చలికాలానికి, స్థూలకాయులకు మంచివి. పిత్తప్రకృతి గలవారు, ముక్కు నుండి రక్తం కారే స్వభావం గలవారు, కడుపులో మంట ఉన్నవారు తగ్గించాలి. ఉలవలను పాలతో కలపడం విరుద్ధాహారమని అష్టాంగహృదయం పేర్కొన్నది.

బొబ్బర్లు, అనప గింజలు, చిక్కుడు గింజలు, పచ్చి కందికాయలు: ఇవి పప్పుల కోవలోనివే. కాలానుగుణంగా దొరికినపుడు వంకాయతోనో, విడిగానో కూర వండుకొంటే ఆ పూట మాంసకృత్తులు కూర రూపంలోనే అందుతాయి.

సోయా చిక్కుడు: 100 గ్రాములలో 36 గ్రాములకు పైగా ఉంటాయి. నూనె తీసిన సోయాతో చేసే మీల్ మేకర్‌లో సగం వరకు మాంసకృత్తులే. 25 గ్రాముల మీల్ మేకర్ ఉడికించి, పిండి, కూరలో వేస్తే 12 గ్రాములు వస్తాయి. సోయా గింజలను పచ్చిగా ఎన్నడూ తినకూడదు. బాగా ఉడికిన తరువాతనే అవి అరుగుతాయి.

మాంసాహారులకు 100 గ్రాముల చేపలోగాని, కోడిమాంసంలోగాని సుమారు 20 గ్రాములు లభిస్తాయి. వేపుడుకంటె పులుసు, కూర మంచివి. వారానికి ఒక్క ఆదివారం అరకిలో తినడం కంటె, మిగిలిన రోజులలో రోజుకొక గుడ్డు తినడం శరీరానికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

రోజును ఇలా మార్చుకోండి

ప్రొద్దుట: ఉప్మా, పూరీ, రొట్టె ముక్కలు తినే రోజులలో రెండు మూడు రోజులు పెసరట్టు వేయండి. 40 గ్రాముల పెసలతో రెండు చిన్న అట్లు వస్తాయి, 9 గ్రాములు అందుతాయి. ఇడ్లీకి మినపప్పు పాలు తగ్గించకండి. ఒకటికి రెండు పాళ్ళ రవ్వ మించకుండా చూడండి. కొబ్బరి పచ్చడికి బదులు వేరుశనగ లేదా పుట్నాల పచ్చడి చేయండి. ఉప్మాలో రెండు గుప్పెళ్ళ పల్లీలు, కాస్త ఎక్కువ శనగపప్పు పడితే దాని స్వరూపమే మారుతుంది.

మధ్యాహ్నం: పప్పు గట్టిగా వండండి. తలకు కనీసం 30 గ్రాముల పప్పు కొలిచి పోయండి. ఆకుకూర పప్పు మరీ మంచిది. మునగాకు వంటి ఆకులలో కూడా కొంత మాంసకృత్తులు ఉన్నాయి. మొదటి ముద్ద కందిపొడితోనో, నువ్వులపొడితోనో, నెయ్యి వేసుకొని తినండి. చివరగా మజ్జిగకు బదులు ఒక కప్పు పెరుగు.

సాయంకాలం: బిస్కట్లు, మిక్చరు తినే వేళ ఇది. గుప్పెడు వేయించిన వేరుశనగలు – 25 గ్రాములు – 6 గ్రాముల మాంసకృత్తులను ఇస్తాయి. గుగ్గిళ్ళు – తెలంగాణలో గుడాలు అంటారు – ఎంతో మంచి అల్పాహారం. శ్రావణమాసంలో పేరంటాల నుండి వచ్చిన నానిన శనగలను ఏమి చేయాలో తెలియక సతమతమయ్యే ఇల్లు మన ప్రాంతంలో లేదు. ఆ ఒక్క నెలలో మన ఇండ్లు తినే శనగలు ఏడాది పొడుగునా వారానికి రెండుసార్లు తింటే చాలు.

రాత్రి: పెసరపప్పు పులగం, లేదా చపాతీతో చిక్కటి పెసరపప్పు కూర. రాత్రివేళ పెరుగు వద్దని వైద్యగ్రంథాలు చెప్పినందున, చిలికిన మజ్జిగగానీ, గోరువెచ్చని పాలుగానీ తీసుకోవచ్చు.

ఇప్పుడు పైన చెప్పిన పెద్దావిడ లెక్కను తిరిగి చూద్దాము. ఇడ్లీలకు బదులు పెసరట్టు – 9. అన్నం కొంచెం తగ్గించి 120 గ్రాముల బియ్యం – 9. మెత్తని ముద్దపప్పు 30 గ్రాములు – 6. కందిపొడి 10 గ్రాములు – 2. మెత్తగా ఉడికిన గుగ్గిళ్ళు, 20 గ్రాముల గింజలు – 4. పెరుగు 200 గ్రాములు – 6. కాఫీలోని పాలు – 3. కూర – 2. మొత్తం 41 గ్రాములు. క్రొత్త వంటకం ఒక్కటి కూడా నేర్వలేదు, డబ్బా ఒక్కటి కూడా కొనలేదు.

నాలుగు సులభమైన తయారీలు

పెసరకట్టు: 30 గ్రాముల పెసరపప్పును దోరగా వేయించి, నాలుగు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించండి. చిటికెడు పసుపు, అల్లం ముక్క, జీలకర్ర, మిరియాలపొడి, సైంధవ లవణం చేర్చండి. జ్వరం తగ్గిన మొదటి రోజు పైనీరు మాత్రమే ఇచ్చి, మరునాటి నుండి ముద్దను కూడా మెదిపి ఇవ్వాలి. పైనీరు ఆకలిని మేల్కొలుపుతుంది. బలాన్నిచ్చేది ముద్ద.

కందిపొడి: కందిపప్పు 100 గ్రాములు, శనగపప్పు 50 గ్రాములు విడివిడిగా సన్నని సెగమీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించాలి. ఎండుమిరపకాయలు ఎనిమిది, చెంచాడు జీలకర్ర, తగిన ఉప్పు చేర్చి పొడి చేసుకోవాలి. తడి తగలని సీసాలో ఉంచాలి. కూర లేని రోజు ఇదే కూర.

సున్నుండలు: మినపప్పు 250 గ్రాములు దోరగా వేయించి విసరి, 200 గ్రాముల బెల్లం, కరిగిన నెయ్యి కలిపి ఇరవై ఉండలు చేయండి. ఒక్కొక్క ఉండలో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఎదిగే పిల్లలకు రోజుకు ఒకటి చాలు. మధుమేహం గలవారికి ఇది తగదు.

పిల్లల పిండి: జాతీయ పోషకాహార సంస్థ పోషణ లోపించిన పిల్లల కొరకు 'హైదరాబాద్ మిక్స్' అనే మిశ్రమాన్ని రూపొందించింది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగ గుండ్లు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. ఇందులో 330 కేలరీలు, సుమారు 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అన్నిటినీ వేయించి పొడిచేసి, పాలలోగాని, వేడినీటిలోగాని కలిపి పెట్టవచ్చు. ఇంతకంటె చౌకైన బలపు పొడి నాకు తెలియదు.

వాయువు, అజీర్తి రాకుండా

పప్పు పెంచగానే కడుపు ఉబ్బరమని చాలామంది మానివేస్తారు. గింజలలో ఉండే కొన్ని చక్కెరలను మన జీర్ణరసాలు విడగొట్టలేవు. అవి పెద్దప్రేగులలోని సూక్ష్మజీవులకు ఆహారమై వాయువు పుట్టిస్తాయి. దీనికి విరుగుళ్ళు తేలిక. గింజలను ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్త నీటిలో ఉడికించాలి. వంటసోడా వేయకండి, అది బి విటమినును పాడుచేస్తుంది. ఇంగువ, అల్లం, జీలకర్ర, వాము, వెల్లుల్లి ఏదో ఒకటి పోపులో ఉండాలి. పరిమాణాన్ని ఒక్కసారిగా కాక, వారానికి కొంచెం చొప్పున పెంచాలి. గురువైన ఆహారాన్ని సగం ఆకలికే తినాలన్న ఆయుర్వేద నియమాన్ని మినపరొట్టె, గారెల విషయంలో గుర్తుంచుకోవాలి. తిన్న తరువాత వంద అడుగులు నడవడం అన్నిటికంటె మంచి దీపనం.

కండ పెరగడానికి తిండి ఒక్కటే చాలదని కూడా గ్రహించండి. కండరాన్ని వాడితేనే శరీరం దానిని నిలుపుతుంది. పెద్దలు రోజూ నడవాలి. కుర్చీలోనుండి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం శక్తి ఉన్నంతవరకు అభ్యసించాలి.

తరచు అడిగే సందేహాలు

"ఆపరేషను తరువాత పప్పు తింటే చీము పడుతుందంటారు, నిజమేనా?"

మన ప్రాంతంలో ఎంతో హాని చేస్తున్న నమ్మకం ఇది. చీము సూక్ష్మజీవుల వలన పడుతుంది, పప్పు వలన కాదు. గాయం పూడడానికి క్రొత్త కణజాలం కావాలి, దానికి మాంసకృత్తులు అత్యవసరం. సుశ్రుతసంహిత వ్రణరోగికి మినుములు, ఉలవలు, నువ్వుల వంటివి వద్దన్నది గాని, పెసర యూషాన్ని పథ్యంగానే చెప్పింది. కొన్నిటికి చెప్పిన నిషేధాన్ని మనం అన్నిటికీ అంటగట్టి, గాయపడినవారికి, బాలింతలకు వట్టి కారప్పొడి అన్నం పెడుతున్నాము. కోసినచోటు మానవలసిన రోజులలో, బిడ్డకు పాలు పట్టవలసిన రోజులలో ఆ తల్లికి పప్పు మాన్పించడం తగని పని. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు ఆహారం ఆరంభించవచ్చని చెప్పిన తరువాత పెసరపప్పుతో మొదలుపెట్టండి.

"మోకాళ్ళ నొప్పులకు పప్పు వాతమని మానివేశాను, సరియేనా?"

వట్టి శనగలు, సరిగా ఉడకని పప్పు వాతాన్ని పెంచుతాయన్నది శాస్త్రోక్తమే. కాని నెయ్యి, ఇంగువ, అల్లంతో సంస్కరించిన పెసరపప్పుకు ఆ దోషం అంతగా ఉండదు. పప్పు అంతా మానివేసి, దానికి బదులు ఏమీ చేర్చుకోకపోతే తొడకండరాలు సన్నబడతాయి. మోకాలిని పట్టి నిలిపేవి ఆ కండరాలే. నొప్పి తగ్గడానికి బదులు పెరుగుతుంది.

"మొలకెత్తితే మాంసకృత్తులు రెట్టింపు అవుతాయా?"

కావు. గింజలో ఉన్నవే మొలకలో ఉంటాయి. విటమిన్ సి పెరుగుతుంది, అరుగుదల మెరుగవుతుంది, ఇనుము బాగా ఒంటబడుతుంది. అది కూడా గొప్ప లాభమే. పెద్దలు మొలకలను ఆవిరిమీద కాస్త ఉడికించి తినాలి.

"పాలలో కలిపే పొడులు వాడవచ్చునా?"

డబ్బాపై ముద్రించిన పట్టికను చదవండి. 100 గ్రాములలో మాంసకృత్తులు ఎన్ని, చక్కెర ఎంత అని చూడండి. చాలావాటిలో మీకు కనిపించేది చక్కెరే. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని 2024 మార్గదర్శకాలు కూడా హెచ్చరించాయి. ఆహారం మింగలేని రోగులకు వైద్యులు వ్రాసే పొడుల సంగతి వేరు.

జాగ్రత్తలు

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఈ వ్యాసం చదివి స్వయంగా ఆహారం మార్చుకోరాదు. వ్యాధి దశను బట్టి కొందరికి మాంసకృత్తులు తగ్గించాలి, డయాలిసిస్ చేయించుకొనేవారికి పెంచాలి. నిర్ణయం వారి వైద్యునిదే. కాలేయ వ్యాధులు, గౌట్ అని పిలిచే కీళ్ళజబ్బు ఉన్నవారు కూడా వైద్యుని సలహా తీసుకోవాలి. వేరుశనగలు కొందరికి పడవు. దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే మానాలి. ముడుతలు పడిన, చేదుగా ఉన్న, బూజు పట్టిన వేరుశనగలలో విషపదార్థం చేరే ప్రమాదం ఉన్నందున వాటిని ఏరి పారవేయాలి. అయిదేళ్ళలోపు పిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా పెట్టకండి. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది. పొడిగానో, ముద్దగానో పెట్టాలి. కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నా, కాళ్ళకు నీరు పట్టినా, ఆహారంతో సరిపెట్టుకోక పరీక్ష చేయించుకోవాలి.

రేపటి నుండి ఆచరించదగిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. బియ్యం కొలిచే డబ్బాతోనే పప్పును కూడా కొలవండి. బియ్యం మూడు డబ్బాలైతే పప్పు, గింజలు, పొడులు కలిపి ఆ రోజు మొత్తానికి ఒక డబ్బా ఉండేటట్లు చూడండి. పప్పు దింపగానే, ఇతరులకు వడ్డించక ముందే, ఇంట్లో చివరగా తినేవారి వాటాను ఒక చిన్న గిన్నెలో తీసి మూతపెట్టండి. ఆ గిన్నె మీదే అయితే, దానిని పిల్లలకు మారు వడ్డించకండి.